గాయానికి పుట్టిన మాట

నేను ఒక మాటను. పేరు సారీ. రోజుకు ఎన్నిసార్లు నన్ను పారేసుకుంటారో మీకే తెలియదు. బస్సులో భుజం తగిలితే నేను. రాంగ్ నంబరు కలిస్తే నేను. తుమ్మొచ్చినా నేనే. నాకూ ఒక పుట్టుక ఉందని ఎవరూ అనుకోరు. ఇవాళ చెప్పి తీరతాను.

నేను ఇంగ్లండులో పుట్టి వెయ్యేళ్లు దాటింది. అప్పట్లో నన్ను సారిగ్ అనేవారు. గాయం, నొప్పి అని అర్థమున్న మాటకు నేను బిడ్డను. లోపలంతా నొప్పి నిండిన మనిషిని నాతో పిలిచేవారు. క్షమాపణకూ నాకూ అప్పుడు చుట్టరికం లేదు. కొన్ని వందల ఏళ్లు గడిచాక నన్ను చులకన చేశారు. బక్కచిక్కిన గుర్రానికీ, కూలబోయే గుడిసెకూ నా పేరే పెట్టారు. దుఃఖంలో ఉన్నవాడూ పనికిరానివాడూ ఒకటే అయిపోయారు వాళ్ల కంటికి. ఆ తర్వాత మర్యాదస్తుల చేతిలో పడ్డాను. 'నీకు జరిగినదానికి నాకు నొప్పిగా ఉంది' అనే వాక్యంలో నాకొక చోటుండేది. వాక్యమంతా కోసేసి నన్నొక్కదాన్నే మిగిల్చారు. నొప్పి పడవలసిన మనిషి అందులోంచి తప్పుకున్నాడు.

ఇంగ్లీషు చదువులతో మీ ఊళ్లకు వచ్చాను. ఇక్కడ నా అవసరం ఏముందో ఇప్పటికీ అర్థం కాదు. ఎవరికైనా కాలు తగిలితే వంగి, వాళ్లను తాకి, ఆ చేతిని కళ్లకద్దుకునేవారు మీరు. నేను వచ్చాక వంగడం మానేశారు.

ఇదంతా ఓర్చుకున్నాను. పైడమ్మ విషయంలో నాతో చేయించిన పని మాత్రం ఓర్చుకోలేను.

విజయనగరం వైపు ఒక చిన్న ఊరు ఆమెది. భర్త గౌరీసు కరెంటు లైన్‌మన్. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపించాలి. దాన్ని ఎల్సీ తీసుకోవడం అంటారు. తీసుకున్నవాడు కిందికి దిగి తానే చెప్పేదాకా కరెంటు ఇవ్వకూడదు. ఒక మాట మీద ప్రాణం వేలాడే పని అది. గౌరీసు స్తంభం మీద ఉండగానే కరెంటు వచ్చింది.

మర్నాడు ఇంజనీరు శేషగిరి గారు పరామర్శకు వచ్చారు. "సారీ అమ్మా. ఎల్సీ తీసుకోకుండా ఎక్కేశాడు. తొందర మనిషి" అన్నారు. నన్ను ముందు పెట్టి, వెనకనుంచి తప్పంతా చచ్చిపోయినవాడి మీదికి తోశారు. ఆ ముక్క ఊరంతా పాకింది. కూతురు మంగవేణి బడినుంచి వచ్చి, "అమ్మా, నాన్న తొందరపడే సచ్చిపోయాడంట కదా?" అని అడిగింది.

కొన్నాళ్లకు ఆఫీసులో సంతాప సభ పెట్టారు. ఫోటోకు దండ వేశారు. మైకు దగ్గరికి వచ్చిన ప్రతివారూ నన్నే పలికారు. ఈలోగా టీలు వచ్చాయి. "సారీ సార్, చల్లారిపోయింది" అన్నాడు తెచ్చినతను. చల్లారిన టీకీ, చల్లారిన మనిషికీ ఒకే నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

కూతురిని పక్కన పెట్టుకుని కూర్చున్న పైడమ్మ లేచింది.

"బావూ, ఆ సారీలు సాలు. మా ఆయన ఎల్సీ తీసుకున్నాడా, నేదా? అది సెప్పండి."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? మేమంతా సారీ ఫీలవుతున్నాం కదా" అన్నారు శేషగిరి గారు.

"మీరు ఫీలయితే నా పిల్లకి నానేటి సెప్పాల? మీ నాన్న తొందర మనిసని సెప్పాలా? సెప్పులు కొనడానికి మూడు సంతలు తిరిగినోడు బావూ ఆయన!"

వెనక వరసలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆ వరసలోంచే సబ్‌స్టేషన్ ఆపరేటరు సింహాద్రి లేచాడు. ముందున్న కుర్చీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"తీసుకున్నాడు వదినా."

"సింహాద్రీ, కూర్చో" అన్నారు ఇంజనీరు గారు.

"కూకోను సార్. వదినా, ఆ రోజు అదే లైను మీద ఇంకో జట్టు కూడా పని సేసింది. ఆళ్లు ఫోన్ సేసి, మేం దిగిపోయాం, లైను ఇచ్చీ అన్నారు. గౌరీసన్న కూడా దిగిపోయుంటాడనుకున్నాను. అడగనేదు. నానే ఇచ్చీసినాను."

ఇంకేదో అనబోయాడు. నేను అతని గొంతుదాకా వచ్చాను, బయటికి రాలేదు. రాకపోవడమే నాకు గౌరవం. అతని ముఖం చూసినవాళ్లెవరికీ నాతో పని లేదు.

పైడమ్మ అతని వైపు తిరిగింది. "మా యింట కూడు తిన్నోడివి. ఈ ముక్క సెప్పడానికి ఇన్నాళ్లు పట్టిందేట్రా నీకు?"

అతను తల ఎత్తలేదు. ఆమె క్షమించలేదు, తిట్టనూ లేదు. శేషగిరి గారు మైకు సర్దుకుని మళ్లీ నన్ను ఎత్తుకోబోయారు. లైన్‌మన్లలో ఒకతను లేచి వెళ్లి మైకు ఆపేశాడు.

పైడమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇన్నావు కదే. రేపు బడిలో ఎవులైనా అడిగితే సెప్పు. మెల్లగా కాదు, గట్టిగా సెప్పు."

పిల్ల తల ఊపింది. ఇద్దరూ లేచి ఎండలోకి నడిచారు. వెళ్లేవాళ్లకు దారి ఇవ్వడానికి కుర్చీలు జరుపుతూ, ఎవరూ నన్ను వాడలేదు. ఆ ఒక్క పూటకు నా కోపం ఆగింది. తర్వాత మళ్లీ మొదలైంది.