బోర్లించి చూపించిన పెట్టె

నేను ఒక నోరున్న రేకు పెట్టెను. నోరంటే మడిచిన చీటీ దూరేటంత చీలిక, అంతే. మాట్లాడటానికి అది చాలదు గానీ మింగడానికి సరిపోతుంది. రేకుపని చేసే మస్తాన్ రెండు నూనె డబ్బాలు కోసి, తాళం పడే మూత పెట్టి నన్ను తయారుచేశాడు. ఆయన మెట్ట ప్రజా సమాజం అనే బుల్లి పార్టీలో సభ్యుడు. "మన అధ్యక్షుణ్ణి మనవే ఎన్నుకుంటావండీ. పెట్టె నిఖార్సుగా ఉండాలి" అంటూ నా మూలలకు రెండేసి సార్లు మాటు వేశాడు.

ఆ పార్టీలో సభ్యులు నూరు మంది. ఎన్నిక మూడేళ్లకోసారి, సామిల్లు వెనక పెంకుటింట్లో. ఓటింగుకు ముందు నన్ను అందరి ఎదుటా బోర్లించి మూడుసార్లు దులపడం వాళ్ల ఆచారం. ఏమీ రాలకపోతే చప్పట్లు కొడతారు. లోపలికి తొంగి చూడటం మాత్రం మర్యాద కాదట, అనుమానించినట్టవుతుందట. ఇంత నమ్మే మనుషులను మోసం చేయకుండా ఉండాలంటే చాలా నిగ్రహం కావాలి.

అధ్యక్షుడు తాతబ్బాయికి అంత నిగ్రహం లేదు. ఆ ఏడు ఆయన మీద నూకరత్నం నిలబడింది. పార్టీ పుట్టిన నాటి నుంచి పోస్టర్లకు మైదాబంక కాచింది ఆమే, నిచ్చెనెక్కి గోడలకు అంటించిందీ ఆమే. ఆమే గెలుస్తుందని అందరూ అనుకున్నారు. ముందురోజు తాతబ్బాయి తన పేరు రాసిన ఇరవై చీటీలను అన్నం గంజితో నా అడుగున అతికించాడు. మర్నాడు నన్ను బోర్లిస్తే ఒక్కటీ రాలలేదు. చప్పట్లు మోగాయి. రానివాళ్ల పేర్ల ఎదుట ఆయన బామ్మర్ది వేలిముద్రలు వేశాడు. ఓటింగయ్యాక తాళం తీసే నెపంతో తాతబ్బాయి నన్ను లోపలి గదికి మోసుకెళ్లి, ఆ చీటీలు గీకి మిగతావాటిలో కలిపాడు. నూకరత్నం పదకొండు ఓట్లతో ఓడిపోయింది. మస్తాన్ అంత శ్రద్ధగా చేసిన నన్ను వాళ్లు దొంగను చేశారు. ఆ మంట నాకు ఇప్పటికీ ఆరలేదు.

ఎన్నికయ్యాక నన్ను మైదా పోసుకోవడానికి ఆమెకే ఇచ్చేశారు. కడుగుతుంటే అడుగున గంజి చెక్కు కట్టి కనిపించింది. దానికి చిరిగిన చీటీ ముక్క అంటుకుని ఉంది, దాని మీద తాతబ్బాయి పేరు సగం. అడిగితే ఓడిపోయిన ఏడుపంటారని ఆమెకు తెలుసు. ముక్కను కొంగున ముడేసుకుని, మూడేళ్లు నోరు మెదపకుండా బంక కాచింది. ఎదురుపడితే "దండాలండీ అధ్యక్షులవారూ" అని నవ్వేది. ఆ నవ్వు చూసి నాకే భయం వేసేది.

మళ్లీ ఎన్నిక వచ్చింది, మళ్లీ వాళ్లిద్దరే పోటీ. మైదా దులిపి నన్ను మళ్లీ ఓట్లకు పెట్టారు. పశువులు పోస్టర్లు నాకకుండా బంకలో చిటికెడు మైలుతుత్తం వేయడం మామూలు. ఎన్నిక ముందురోజు నూకరత్నం గుప్పెడు వేసింది. బంక నీలంగా తిరిగింది. బకెట్టు తీసుకెళ్లి తాతబ్బాయి గది ముందు పెట్టి వెళ్లిపోయింది. గంజి కోసం ఇంటిదాకా పోవడమెందుకని ఆయన అందులోనే చెయ్యి పెట్టి, మళ్లీ ఇరవై చీటీలు నా అడుగున అతికించాడు. ఇన్నేళ్లూ పోస్టరు మీద బొమ్మగా ఉన్నాడే తప్ప బంక ఏ రంగులో ఉంటుందో ఆయనెప్పుడూ చూడలేదు. నేనూ ఊరుకోలేదు, నా తుప్పంతా ఆ చీటీలకు పట్టించాను.

ఓటింగయ్యాక లెక్కపెట్టడానికి తెల్ల తువ్వాలు మీద చీటీలు కుమ్మరించగానే నూకరత్నం లేచింది. "ఈ ఇరవైటికీ వీపున నీలం ఎక్కడిదండీ?" అంది. కొంగుముడి విప్పి పాత ముక్క కూడా వాటి పక్కన పెట్టింది. "తాతబ్బాయిగారూ, ఓసారి చేతులు చూపించండి."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మస్తానే వెళ్లి ముందుకు లాగాడు. గోళ్లన్నీ నీలం.

ఆ పూటే ఆమె అధ్యక్షురాలైంది. తాతబ్బాయిని పార్టీలోంచి గెంటేయమని అందరూ అరిచారు. "వద్దు, ఉండనివ్వండి" అందామె. "రేపట్నుంచి బంక ఆయన కాస్తారు." ఇంకెక్కడా చోటు లేని మనిషి, తలొంచుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. మూడేళ్లు పొగలో కళ్లు నులుముకుంటూ కాచాడు. ఎదురుపడితే ఆయన కూడా దండం పెట్టి నవ్వేవాడు. నాకు లోలోపల పండగలా ఉండేది, దాచుకోను.

ఈసారి మస్తాన్ కూతురు జైనాబీ పోటీకి దిగింది. ఊళ్లో గాలి ఆమె వైపే ఉంది. నిన్న మధ్యాహ్నం నూకరత్నం పొయ్యి దగ్గరికి వచ్చి, "తుత్తం లేకుండా గిన్నెడు బంక ఇవ్వండి" అంది. ఎందుకని ఆయన అడగలేదు. ఆమె అటు తిరగగానే దోసెడు చక్కెర వేసి కలిపాడు. రంగు మారలేదు, వాసనా రాలేదు. ఆమె తలుపు మూసుకుని తన పేరు రాసిన చీటీలు నా అడుగున అతికించింది. అంత కష్టపడి గెలిచిన మనిషి కూడా నన్ను దొంగనే చేసింది.

తెల్లారేసరికి చీమలు బారులు తీరి నాలోకి దిగాయి. ఇప్పుడు నా అడుగంతా నల్లగా కదులుతోంది. బయట కుర్చీలు నిండిపోయాయి. ముందు వరసలో జైనాబీ పక్కన మస్తాన్ కూర్చున్నాడు. నూకరత్నం నవ్వుతూ వచ్చి నన్ను రెండు చేతులా ఎత్తింది.

గుమ్మంలో నిలబడి తాతబ్బాయి అన్నాడు: "బోర్లించండమ్మా అధ్యక్షురాలుగారూ. గట్టిగా దులపండి."

ఆమె దులిపింది.