కదలని మెడ

హోచిన్ తోలుపట్టీ మీద మంగలికత్తి సానబెడుతూ ఎడమకన్ను మూశాడు. ఆపరేషనైన కుడికంటికి అద్దం చట్రం నీళ్ళలో ముంచిన కర్రలా వంకరగా కనబడింది. నిన్నా అంతే, మొన్నా అంతే.

"రెటీనా అతుక్కుంది. కానీ నడిమి భాగం చాలా రోజులు ఊడిపోయి ఉంది. వంకర కొంత తగ్గొచ్చు, మొత్తం పోతుందని చెప్పలేను," అని ముందే చెప్పింది డాక్టరమ్మ. కంటి మూలనుంచి నల్లతెర దిగుతుంటే కొత్త సంవత్సరం గిరాకీ వదులుకోలేక ఆసుపత్రికి వెళ్ళకుండా ఆగింది హోచినే. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి బోర్లా పడుకున్నాడు. కంట్లో నింపిన గాలిబుడగ చూపులో చిక్కిచిక్కి ఒకనాడు మాయమైంది. మర్నాడే తైవాన్‌లోని కీలుంగ్ రేవువీధిలో తన మంగలిషాపు షట్టరెత్తి, పూర్తిగా నయమైందని అందరికీ చెప్పాడు.

లో అనే ముసలాయన, హోచిన్‌కి లో బాబాయ్, వానలో తడుస్తూ వచ్చి కుర్చీలో వాలాడు. చేపలమ్మడం మానేసి ఏళ్ళయినా ఆయన ఒంటి వాసన మారలేదు.

"నువ్వు మంచమెక్కినన్నాళ్ళూ పక్కవీధివాడి చేత గడ్డం గీయించుకున్నాన్రా. చేపకి పొలుసు తీసినట్టు తీశాడు వెధవ! ఇంతకీ చూపొచ్చిందా నీకు?"

"గద్ద కళ్ళు, బాబాయ్."

నురగ పట్టించి దవడ కింద కత్తి ఆనించాడు. కత్తి అంచూ, ముడతల చర్మమూ కలిసి అలలా ఊగాయి. కుడికన్ను మూస్తే అలలు పోయాయి గానీ, చెయ్యి ఎంత దూరంలో ఉందో తెలియలేదు. చెవి కింద నురగ ఎర్రబడింది.

ముసలాయన ఉలకలేదు, పలకలేదు.

"మీరు కదిలారు, బాబాయ్." మాట నోరు దాటాక గానీ హోచిన్‌కి తానన్నదేమిటో తెలియలేదు.

లో బాబాయ్ అద్దంలో అతని ముఖాన్ని కాసేపు చూశాడు. "ఔనేమోరా. ముసలి మెడ, చెప్పిన మాట వినదు."

హోచిన్ తెగిన చోట పటిక రాశాడు.

తర్వాత గడ్డానికి వచ్చినవాళ్ళని కత్తికి పదును లేదని పంపేశాడు. జనం కళ్ళు మూసుకుని గొంతు అప్పగించే పని తనది. సాయంత్రం జామకాయలు కొనుక్కుని, నిజం చెప్పేద్దామని లో బాబాయ్ ఉండే కొండ మీది మెట్లవీధి ఎక్కాడు.

తలుపు తీసిన బాబాయ్ కూతురు మైయున్ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. లోపలినుంచి అగరుపొగ వస్తోంది.

"తిని పడుకున్నాడన్నా నాన్న. టీ ఇద్దామని లేపబోతే ఊపిరి లేదు." ఆమె చేత్తో కళ్ళు తుడుచుకుంది. "నీ దగ్గర్నుంచి రాగానే నీ గురించే. 'హోచిన్‌కి చూపింకా కుదుటపడలేదే, పాపం. ఈసారి వెళ్ళినప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చోవాలి' అన్నాడు."

హోచిన్ తల ఎత్తలేకపోయాడు.

"ఆయన కదల్లేదమ్మా," అన్నాడు. "నేనే కోశాను. కోసి, కదిలారని ఆయన్నే అన్నాను. ఆయన కదల్లేదు."

మైయున్ పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

గుమ్మం దగ్గర లో బాబాయ్ రబ్బరు చెప్పులు వీధి వైపు తిరిగి ఉన్నాయి. ఆయన కాలివేళ్ళు నొక్కుకుని పడ్డ గుంతల్లో వాననీళ్ళు ఇంకా ఆరలేదు.