దాహం పోయిన గాస్

ఉప్పుబీడులో పని తెల్లారకముందే మొదలవుతుంది. కొందరు గునపాలతో ఉప్పు పెళ్లగిస్తారు, ఆ ఎడారి తెగవాళ్లు అఫార్లు కూర్చుని బాడిసలతో పలకలు చెక్కుతారు. గుత్తేదారు కొండల మీది ఊరివాడు. నీళ్లు అతని చేతిలో ఉంటాయి, రోజుకి మనిషికో తోలుతిత్తి.

గాస్ ఆ బీడులోనే ముదిరాడు. చెమట పట్టడం ఎప్పుడో మానేసింది. ఈ వేసవిలో దాహం కూడా పోయింది. దానికెవరూ ముక్కున వేలేసుకోలేదు. అరికాళ్లు కాయలు కాసినట్టే లోపలా కాసిందనుకున్నారు. తన తిత్తి తమ్ముడు యాయోకి ఇచ్చేసేవాడు. పనికి కొత్తవాడైన యాయోకి రెండు తిత్తులుంటే గానీ పొద్దు గడవదు.

"నీ దాహం కూడా నాకే తగులుకుంది అన్నా" అని నవ్వేవాడు యాయో.

ఒకరోజు ఉప్పు మోసే ఒంటెలు తోలుకుని హాడో వచ్చాడు, అతనూ అఫారే. ఇద్దరు అఫార్లు ఎదురుపడితే చతికిలబడి దగూ చెప్పుకోవాల్సిందే. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, దాచకుండా. ఏ గుంటలో నీళ్లున్నాయో తెలిసేది ఆ కబుర్ల వల్లనే. అందులో అబద్ధమాడినవాణ్ణి జన్మకి వెలేస్తారు.

"ఏం చూశావు గాస్?"

"చూసేదేముంది, ఉప్పు. నాకు దాహం పోయింది, అదే కబురు."

హాడో నోటి నుంచి అది గుత్తేదారుకి చేరింది.

"దాహం లేనోడికి నీళ్లు పోయడానికి నాకేమన్నా పిచ్చా?" అని గాస్‌కి ఇచ్చే తిత్తి ఆపేశాడతను.

నాలుగు రోజులు తిరక్కముందే యాయో పలకల మీద బోర్లా పడ్డాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. తలో గుక్క పోసి లేపారు.

"ఇవాళంటే పోశాం. రేపెవరు పోస్తారయ్యా? పిల్లాడు పోతాడు" అన్నారు.

హాడో మళ్లీ రాగానే గాస్ ఎదురెళ్లి కూర్చున్నాడు.

"నాకు దాహం తిరిగొచ్చింది."

హాడో అతని పొడి నుదుటివంక చూశాడు. "అన్నా, ఇది దగూ."

"తెలుసు. పోయి చెప్పు."

విన్నది మోయడమే హాడో ధర్మం. మోశాడు. అఫార్లు దగూలో అబద్ధం చెప్పరని గుత్తేదారుకీ తెలుసు, నమ్మాడు. తిత్తి తిరిగొచ్చింది. యాయో తేరుకుని కాస్త ఒళ్లు కూడా చేశాడు.

కానీ బీడులోని అఫార్లు గుడ్డివాళ్లు కారు. ఆనాటి నుంచి గాస్ ముందు ఎవరూ చతికిలబడలేదు. అతనికి కబురు చెప్పరు, అతని కబురు వినరు. యాయో కూడా అంతే. అన్న ఇచ్చిన నీళ్లు తాగడానికి అడ్డురాని ఆచారం అన్నతో మాటాడ్డానికి అడ్డొచ్చింది! ఇలాంటి నీతి చూస్తే ఒళ్లు మండుతుంది.

చలికాలం మొదట్లో హాడో వచ్చాడు. యాయో ఎదురుగా కూర్చుని, వాళ్లమ్మ చనిపోయిందని చెప్పాడు. యాయో నెత్తి బాదుకుని ఏడ్చాడు. తమ్ముడికి నీళ్లు తెస్తున్న గాస్ అది చూసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందిరా? ఎవరికేమైంది?"

హాడో లేచి ఒంటెల వైపు నడిచాడు.

"అమ్మ బాగానే ఉందా? అదొక్కటి చెప్పరా, నీ కాళ్లు పట్టుకుంటా."

యాయో కళ్లు తుడుచుకున్నాడు. అన్న చేతిలోని తిత్తి అందుకుని, గటగటా తాగి, పనిలోకి వెళ్లిపోయాడు.