ఆశాజ్యోతి డెస్క్‌టాప్‌లో ఇంకొకరు

ఆల్బనీలో కిటికీ ఫ్రేములు తయారుచేసే ఆ కంపెనీలో పాత కంప్యూటర్లన్నీ ఒక్క వారాంతంలో మాయమయ్యాయి. సోమవారం వచ్చి చూస్తే ప్రతి టేబుల్ మీదా టిఫిన్ డబ్బా అంత నల్లపెట్టె కూర్చుని ఉంది. ఇకమీదట మీ డెస్క్‌టాప్ ఎక్కడో ఉన్న సర్వర్‌లో ఉంటుందనీ, ఆఫీసులో తెరిచినా ఇంట్లో తెరిచినా వదిలిన చోటి నుంచే పని మొదలుపెట్టవచ్చనీ మేనేజర్ హెలెన్ ఉపన్యాసమిచ్చింది. ఆశాజ్యోతి అందులో ఒక్క ముక్కే ఏరుకుంది: వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పని. ఆఫీసుకు అవతలి చివరన ఉన్న టకానినిలో ఇల్లు కొన్నప్పటి నుంచి ఊరి ఈ కొసకూ ఆ కొసకూ తిరిగి ఆమె నడుము పడిపోయింది. ఆ రెండు రోజుల కోసం నల్లపెట్టెకు కొబ్బరికాయ కొట్టమన్నా కొట్టేది.

పెట్టెలు బిగించడానికి బయటి కంపెనీ నుంచి వచ్చినవాడు వీరేశం. కరీంనగర్ వైపు మనిషి. ఈ దేశానికొచ్చి చదువు పూర్తిచేసి, ఆ ఉద్యోగం మీద వచ్చిన వీసాతో రోజులు నెట్టుకొస్తున్నాడు.

"అక్కా, మీరు తెలుగోళ్లేనా?" అని మొదటిరోజే వరస కలిపేశాడు. ఆశాజ్యోతిది తెనాలి. అడక్కుండా వరస కలిపేవాళ్లను చూస్తే ఆమెకు చేతిసంచి దగ్గరకు లాక్కోవాలనిపిస్తుంది. దానికి తోడు, "అవసరమైతే నా సీట్లోంచే మీ స్క్రీన్ చూడగలను, మీరు సరేనని నొక్కితేనే" అని అందరికీ ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె చెవికి ముందు సగమే ఎక్కింది.

రెండు వారాలు తిరిగేసరికి అనుమానం ఇల్లు కట్టుకుంది. లంచ్ చేసి వచ్చేసరికి స్క్రీన్ మళ్లీ పేరూ పాస్‌వర్డూ మొదటి నుంచి అడిగేది. తెరిచి చూస్తే, సగంలో వదిలేసిన ఉత్తరం మారిపోయి ఉండేది. కస్టమర్‌కు "ఆలస్యానికి సారీ" అని రాసి వెళితే, అది "మీకు కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము" అన్నంత గంభీరమైన ఇంగ్లీషుగా తయారయ్యేది. ఇంకోసారి కామాలు పెరిగాయి. పైగా ఆ ఉత్తరాన్ని హెలెన్ పదిమందిలో మెచ్చుకుంది. ఆశాజ్యోతి సిగ్గుపడకుండా థాంక్స్ చెప్పి మెప్పును ఉంచేసుకుంది, అనుమానాన్ని మాత్రం వీరేశం ఖాతాలో వేసింది. ఇవాళ కామా పెట్టినవాడు రేపు తనను ఇరికించే మాట పెట్టడని ఏముంది?

మంగళవారం వీరేశం ఆమె టేబుల్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, పగటిపూట మీ ఇంట్ల ఎవరుంటరు?"

"నా ఇంట్లో ఎవరుంటే నీకెందుకు?" అని ఆమె కస్సుమంది. అంతలో హెలెన్ అటుగా రావడం చూసి అతను, "ఏంలేదక్కా, ఊకెనే అడిగిన" అని జారుకున్నాడు.

దొంగచూపులు, దొంగమాటలు, ఇంకేం కావాలి? ఆశాజ్యోతి నేరుగా హెలెన్ గదికి వెళ్లి, అతను తన డెస్క్‌టాప్‌లో దూరుతున్నాడని చెప్పింది. హెలెన్ అతని కంపెనీకి ఫోన్ చేసింది. విచారణ తేలేదాకా అతన్ని ఇక్కడికి పంపవద్దంది. వీరేశం బ్యాగు తగిలించుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయాడు. ఆశాజ్యోతికి పీడ వదిలినట్టనిపించింది.

ఆ హాయి గురువారం రాత్రి భోజనాల దాకా నిలిచింది. ఆర్నెల్లు ఉండి వెళదామని తెనాలి నుంచి వచ్చిన మామగారు రామలింగేశ్వరరావు పెరుగు కలుపుకుంటూ మొదలుపెట్టారు. రిజిస్ట్రార్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. తప్పు కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు.

"అమ్మాయ్, మన లాప్‌టాప్‌లో పేపరు చదువుదామని ఏదో బొమ్మ నొక్కితే ఉత్తరాలొస్తున్నాయే, ఎవరు రాస్తారవి? మరీ సంతలో మాట్లాడినట్టు ఉంటున్నాయి. నేనే దిద్దుతున్నాననుకో. తీరా దిద్దాక అదే మాయమైపోతోంది."

ఆశాజ్యోతి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంటి లాప్‌టాప్‌లో ఆఫీసు పాస్‌వర్డు గుర్తుపెట్టుకొమ్మని నొక్కింది తనే. ఆయన ఇక్కడ తెరిస్తే అక్కడ మూసుకుంటుంది, ఆమె అక్కడ తెరిస్తే ఇక్కడ మాయమవుతుంది. పగటిపూట తన ఇంటి నుంచి ఎవరో లాగిన్ అవుతున్నట్టు వీరేశానికి సర్వర్‌లో కనిపించి ఉంటుంది. కనిపించినా హెలెన్‌కు చెప్పకుండా, గుట్టుగా తననే అడగడానికి వచ్చాడు. తను కస్సుమంది.

"నువ్వు నోరెత్తకు" అన్నాడు భర్త సాయినాథ్. "ఇంట్లోవాళ్లు వాడారని తెలిస్తే ఇంటి నుంచి పని తీసేస్తారు. ఉద్యోగం ఊడినా ఊడొచ్చు. విచారణలో వాళ్లే ఏదో తేల్చుకుంటారులే."

"ఈలోగా అతని ఉద్యోగం పోతే? వీసా దానిమీదే ఉందండీ."

ఇక్కడే స్థిరపడనిచ్చే రెసిడెన్స్ వీసా రాకముందు ఆఫీసు ఫోన్ మోగితే గుండె ఎలా జారేదో ఇద్దరికీ తెలుసు. ఆశాజ్యోతికి తనమీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం హెలెన్ ముందు నిలబడి ఉన్నదంతా చెప్పింది, మెచ్చుకున్న ఉత్తరం తనది కాదన్న సంగతితో సహా. ఆశాజ్యోతి ఉద్యోగం మిగిలింది. ఇంటి నుంచి పని మాత్రం పోయింది, ఎప్పటికి తిరిగిస్తారో చెప్పలేదు.

వారం తర్వాత వీరేశం తిరిగొచ్చాడు. ఆమె పాస్‌వర్డు మార్చడానికి టేబుల్ పక్కన నిలబడి, తల ఎత్తకుండా పని ముగించాడు.

"నన్ను క్షమించు తమ్ముడూ, పొరపాటు పడ్డాను" అంది ఆశాజ్యోతి.

అతనికి కోపం ఉన్నట్టు లేదు. కీబోర్డును ఆమె వైపు జరిపి, బ్యాగు అందుకున్నాడు.

"హెలెన్‌కు ఇంగ్లిష్‌ల చెప్పిన ముచ్చట నన్ను తెలుగుల అడిగితే అయిపోతుండె గద మేడం."