పోని ఫ్యూజు

"చిన్నదానికి ఫ్యూజు పోయింది. కాసేపు ఎవరూ ఆ గది వైపు వెళ్ళకండి" అన్నారు అత్తగారు గొంతు తగ్గించి, కళ్ళతో నవ్వుతూ.

పెద్దకోడలు అప్పుడు పొయ్యి గట్టు తుడుస్తోంది. తలెత్తకుండానే తనూ చిన్నగా నవ్వింది. ఆ ఇంట్లో చిన్నకోడలికి కోపం వచ్చిందని ఎవరూ అనరు, ఫ్యూజు పోయిందంటారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి భార్య తలుపు ధడాలున వేసుకుంటే, నలుగురిలో పరువు నిలుపుకోవడానికి మరిది ఆ మాట అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అప్పటి నుంచి ఆ మాట ఇంటి మనిషైపోయింది.

ఈసారి పోయిన కారణం భోజనాలు. మరిది మధ్యాహ్నానికి స్నేహితుల్ని పిలిచి, ఆ కబురు పొద్దున కాఫీ తాగుతూ చెప్పాడు. "పిలిచింది నువ్వు, వండేదీ నువ్వే" అని చిన్నకోడలు తలుపేసుకుంది. మరిది బిక్కమొహం వేసుకుని వంటింట్లోకి తొంగిచూశాడు. "వదినా..." అన్నాడు. అంతే, ఆపైన ఒక్క ముక్క కూడా అనక్కర్లేదు. పెద్దకోడలు అప్పటికే బియ్యం కొలుస్తోంది. వచ్చినవాళ్ళు తిన్నారు, మెచ్చుకున్నారు, అన్నదమ్ములిద్దర్నీ వెంటేసుకుని ఆట చూడడానికి వెళ్ళిపోయారు. మిగిలిన అంట్లూ, జిడ్డోడుతున్న గట్టూ, ఒళ్ళు నొప్పులూ పెద్దకోడలివి.

పక్కవాళ్ళ నగలు చూసో చీరలు చూసో ఆడవాళ్ళకి కుళ్ళు పుడుతుందని అంటారు. పెద్దకోడలికి అలాంటిది ఎప్పుడూ లేదు. ఆమె కుళ్ళంతా తోడికోడలి కోపం మీద. ఆ కోపం ఎంత పని చేస్తుందో ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఏళ్ళ తరబడి చూస్తూనే ఉంది. ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలని ఒకసారి చిన్నకోడలు ఇల్లు పీకి పందిరేసింది. గోల సద్దుమణిగాక చూస్తే, చిన్నకోడలి కంచం మరిది కడుగుతున్నాడు. మిగతావన్నీ ఎప్పట్లాగే పెద్దకోడలే కడుగుతోంది. కారు సంగతీ అంతే. అన్నదమ్ములు కలిసి కొన్న కారు. బస్సులో నలిగి చస్తున్నానని ఒకరోజు చిన్నకోడలు చెప్పుల్ని హాలు మధ్యలోకి విసిరికొట్టింది. మర్నాటి నుంచి ఆఫీసుకి కారులో వెళుతోంది. పెద్దకోడలికీ డ్రైవింగు వచ్చు. ఆమె కళ్ళాసుపత్రిలో కౌంటరు దగ్గర పనిచేస్తుంది, బస్సులోనే నలుగుతుంది. కారు తాళం ఆమె చేతికొచ్చేది ఇంటి పనికి మాత్రమే. గ్యాసుబండ తేవాలన్నా, అత్తగారి మోకాలికి వ్యాయామాలు చేయించుకు రావాలన్నా "నువ్వుండబట్టి సరిపోయిందే" అంటూ ఇస్తారు.

భర్త మాటలైతే ఇంకా తియ్యగా ఉంటాయి. "నువ్వు బంగారం. ఎంత బరువేసినా మోస్తావు. తమ్ముడి ఖర్మ చూడు, రోజూ పేలుడే" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి ఒకటే అనుమానం. బంగారాన్ని ఎవరైనా బీరువాలో పెట్టుకుంటారు కదా, తనని వంటింట్లో పెట్టారేమిటి?

ఆ రోజు ఆమె మనసులో ఇంకో ముల్లు కూడా గుచ్చుకుంటోంది. ఆసుపత్రివాళ్ళు ఊరి అవతలి వైపు కొత్త శాఖ తెరుస్తున్నారు. దాని బాధ్యత తీసుకోమని డాక్టరమ్మ ఆమెనే అడిగింది. పొద్దున ఏడింటికల్లా అక్కడ తలుపులు తీయాలి. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పమంది. ఇంట్లో చెబితే భర్త ఫోనులోంచి తల కూడా ఎత్తలేదు. "నీకెందుకే ఆ తలనొప్పి? అంత పొద్దున్నే నువ్వు వెళ్ళిపోతే ఇల్లెవరు చూస్తారు? బస్సులు కూడా ఉండవు. కారంటావా, చిన్నదాన్ని కదిలిస్తే ఊరుకుంటుందా? నువ్వంటే సర్దుకుపోతావు" అన్నాడు. వద్దని చెప్పేయాలని ఆమె అప్పుడే అనుకుంది. అనుకుంది గానీ, ఫోను చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ వేలు ముందుకు సాగలేదు.

అత్తగారు మోకాలికి పట్టీ కట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. బయట వాన కుండపోతగా కురుస్తోంది. పెద్దకోడలు చేతులు తుడుచుకుని, ఆవిడని వెనక సీట్లో కూర్చోబెట్టి, కారు స్టార్టు చేసింది. వైపర్లు కదల్లేదు. మీట పైకీ కిందికీ నొక్కి చూసింది. ఉహూఁ. కారుని వాకిటి రేకుల కింద నుంచి అంగుళం ముందుకి తీసినా అద్దం మీద నీళ్ళు తప్ప ఏమీ కనిపించదు.

భర్తకి ఫోను చేసింది. అవతల జనం కేకలు.

"నువ్వేం నొక్కావు?" అన్నాడు మొట్టమొదట.

"ఏం నొక్కలేదండీ. వైపర్లు ఆడట్లేదు."

"ఇలాంటివి నీకెక్కడ తెలుస్తాయి! చిన్నదాన్ని లేపు. దానికి కారంటే మంచి పట్టు. ఆ అమ్మాయిని చూసి కాస్త నేర్చుకోరాదూ?"

అంట్లు తోమీ తోమీ నానిపోయిన చేతిలో ఫోను జారింది. పట్టుకుంది. గుండెలో మాత్రం ఎక్కడో నిప్పురవ్వ పడ్డట్టయింది. పొద్దున్నించి మంచం దిగని మనిషిని చూసి, పొద్దున్నించి నడుం వాల్చని మనిషి నేర్చుకోవాలి!

తలుపు తట్టింది. చిన్నకోడలు రేగిన జుట్టుతో తలుపు తీసింది.

"అక్కా, నువ్వా! ఆయనగారేమో రాయబారం పంపాడనుకున్నా."

"వైపర్లు ఆడట్లేదు. అత్తయ్యని తీసుకెళ్ళాలి."

"ఫ్యూజయ్యుంటుంది. పద."

చిన్నకోడలి తండ్రి కార్లకి కరెంటు పనులు చేసేవాడు. ఆయన సీటు కింద దూరితే పక్కన టార్చి పట్టుకుని నిలబడడమే తన చిన్నప్పటి ఆట అని చిన్నకోడలు గొప్పగా చెబుతుంటుంది. పెద్దకోడలు కూడా చిన్నప్పుడు పక్కనే నిలబడింది, అయితే తల్లి పక్కన, ఉల్లిపాయల బుట్ట పట్టుకుని. ఆ తేడా గుర్తొచ్చి మళ్ళీ కడుపు మండింది.

"ముందు తాళం తీసెయ్. లైట్లన్నీ ఆపు. అది మరిచిపోయి చెయ్యి పెట్టకూడదు" అంది చిన్నకోడలు. స్టీరింగు కింద, మోకాలికి తగిలే చోట ఒక ప్లాస్టిక్ మూత ఉంది. లాగితే టక్కున ఊడింది. లోపల రంగురంగుల బిళ్ళలు వరసగా గుచ్చి ఉన్నాయి, అచ్చం పిల్లల పలక మీద పూసల్లాగా. ఇన్నేళ్ళూ తన మోకాలికి జానెడు దూరంలో ఇంత సంసారం ఉందా అనుకుంది పెద్దకోడలు.

"మూత వెనక బొమ్మ ఉంటుంది చూడు. ఏ గడిలో ఏది, దానికి ఎంత అంకె బిళ్ళ పెట్టాలి, అంతా అందులోనే. వైపరుది వెతుకు."

"నువ్వే తియ్యరాదూ."

"నేను తీస్తే నీకేం వస్తుంది? కూర్చో."

ఆ మాటకి పెద్దకోడలికి రోషం వచ్చింది. కూర్చుంది. మూతని తిప్పి పట్టుకుని గడులు లెక్కపెట్టి, పక్కనే ఉన్న చిన్న ప్లాస్టిక్ పట్టకారుతో ఒక ఎర్ర బిళ్ళని పట్టి, ఊపకుండా నిటారుగా లాగింది. వెలుతురుకి పెట్టి చూస్తే దాని రెండు కాళ్ళ మధ్య సన్నటి తీగ తెగి, పక్కన నల్లటి మసి ఉంది.

"దొరికింది! పోయిందే ఇది!"

"దాని మీద అంకె?"

"పది."

"అయితే మళ్ళీ పదిదే పెట్టు. అదే రంగు. మూలన అదనపువి గుచ్చి ఉంటాయి, చూడు."

కొత్త ఎర్ర బిళ్ళని అదే గడిలో పెట్టి బొటనవేలితో నొక్కింది. తాళం తిప్పింది. వైపర్లు ఉలకలేదు, పలకలేదు. కానీ కారంతా దద్దరిల్లేలా ఎవరో పాట అందుకున్నారు. వెనక సీట్లో అత్తగారు ఉలిక్కిపడి "ఓరి నాయనో!" అన్నారు.

రేడియో! అది మూగబోయి ఏడాది దాటింది. లోపల కాలిపోయింది, కొత్తది కొనాల్సిందే అని మగవాళ్ళిద్దరూ తేల్చేశారు. మూతని తలకిందులుగా పట్టుకుని, ఈ చివర నుంచి లెక్కపెట్టాల్సింది ఆ చివర నుంచి లెక్కపెట్టడం వల్ల పెద్దకోడలి చేతిలో అది బాగైపోయింది. తోడికోడళ్ళిద్దరూ ఒకరి భుజం ఒకరు చరుచుకుంటూ కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే పెద్దకోడలు అనుకుంది, 'ఇంత సులువా? ఇంత సులువైన దానికా ఈ చిన్నదాన్ని ఇన్నాళ్ళూ నెత్తిన పెట్టుకున్నారు?'

తాళం తీసి, ఈసారి మూత సరిగ్గా పట్టుకుని వైపరు బిళ్ళ లాగింది. ఆకుపచ్చది. తీగ చెక్కుచెదరలేదు.

"ఇది పోలేదే."

చిన్నకోడలు బిళ్ళ అందుకుంది. దాని మీద అంకె చూసింది, మూత మీద అంకె చూసింది. ముఖంలో నవ్వు ఆరిపోయింది. "అక్కా, ఇక్కడ పదిహేనుది పెట్టాలి. ఇది ముప్పై. ఎవరు పెట్టారిది?"

పెద్దకోడలికి తెలుసు. పోయిన వానల్లో భర్త ఇదే సీట్లో కూర్చుని, ఆమె చేత టీ తెప్పించుకుని, "మాటిమాటికీ పోతోంది వెధవది. పెద్దది పడేశాను. ఇక జన్మలో పోదు" అన్నాడు. ఆయన తెలివికి ఆమె ఆ రోజు మురిసిపోయింది కూడా.

చిన్నకోడలు సీటు కిందికి వంగి, తల లోపలికి పెట్టి వాసన చూసింది. "నువ్వూ చూడు."

వంగి చూసింది. మాడిన ప్లాస్టిక్ కంపు. వైర్ల కట్టలో ఒకదాని తొడుగు కరిగి పక్కదానికి అంటుకుని ఉంది.

"ఇక బండి కదపొద్దు. తాళం కూడా తిప్పొద్దు. ఎలక్ట్రీషియన్ ఇక్కడికే రావాలి" అంది చిన్నకోడలు లేచి చేతులు దులుపుకుంటూ. "మా నాన్న బావగారిలాంటి వాళ్ళని తిట్టని రోజు లేదు. ఫ్యూజన్నది పోవడానికే పెట్టేది. బరువెక్కువైందని చెప్పడమే దాని పని. అది పోతే ఇంకోటి పెట్టుకోవచ్చు. దాన్ని పోకుండా చేస్తే లోపల వైరు కాలుతుంది. పైకి చూస్తే ఏమీ తెలీదు, అంతా బాగానే ఉన్నట్టుంటుంది."

పెద్దకోడలు ఆకుపచ్చ బిళ్ళని అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఎక్కడా మసి లేదు, ఎక్కడా తెగలేదు. దాని మొహంలో ఎంత ఓర్పు! రాత్రుళ్ళు తనకి అకారణంగా గుండె దడదడలాడడం, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు కళ్ళమ్మట నీళ్ళు కారడం, పక్కింటావిడ నవ్వితే కూడా ఒళ్ళు మండడం, ఇవన్నీ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? పైకి అంతా బాగానే ఉంది.

"ఈ వేళ మోకాలికి లేనట్టేనా?" అన్నారు అత్తగారు.

"లేనట్టే అత్తయ్యా" అని, ఆవిడని చెయ్యి పట్టి దింపి, పెద్దకోడలు వాకిట్లోనే వానకి ఓరగా నిలబడి డాక్టరమ్మకి ఫోను చేసింది. రెండే మాటలు మాట్లాడింది. రెండో మాట "వస్తాను."

రాత్రి భోజనాల దగ్గర, ఫ్యూజు సంగతి విని భర్త గయ్యిమన్నాడు. "మాటిమాటికీ పోతుంటే పెద్దది వేశాను. తప్పా?"

"మాటిమాటికీ ఎందుకు పోతోందో చూడాలి కదండీ" అంది పెద్దకోడలు. ఆయన చేతిలో ముద్ద ఆగింది. ఆమె ఆగలేదు. "కొత్త శాఖకి వస్తానని చెప్పాను. కారు బాగై వచ్చాక పొద్దున పూట నాకు కావాలి. వంట ఎవరెవరు ఏ రోజు చేస్తారో మీ నలుగురూ అనుకోండి. నాకు ఆదివారం ఇవ్వండి."

ఎవరూ ఆమె వైపు చూడలేదు. అందరూ చిన్నకోడలి వైపు చూశారు.

"మరి నేనెలా వెళ్ళాలి?" అంది చిన్నకోడలు. ఫ్యూజు తీయడం నేర్పించినప్పటి గొంతు కాదది.

"ఇన్నాళ్ళూ నేను వెళ్ళినట్టు."

చిన్నకోడలు కంచం ముందు నుంచి లేచింది. తలుపు ధడాలుమంది. మరిది వెనకే పరుగెత్తాడు. లోపలి నుంచి ఆమె గొంతు, అరుపు కాదు, ఏడుపు వినిపించింది. "నేను బస్సులో చస్తున్నానని మూడు నెలలు మామూలుగానే చెప్పాను, ఎవరైనా విన్నారా? చెప్పులు విసిరితే గానీ వినలేదు. విన్నాక కూడా నవ్వారు. ఆవిడ చూడు, కంచం ముందు కూర్చుని నెమ్మదిగా ఒక్కసారి చెప్పింది. ఒక్కరన్నా నవ్వారా? ఆవిడంటే నాకు మొదట్నుంచీ కుళ్ళే!"

ఇలాంటప్పుడు కంచం పట్టుకుని ఆ తలుపు దగ్గరికి వెళ్ళి బుజ్జగించేది పెద్దకోడలే. అత్తగారు ఆమె వైపు ఆశగా చూశారు. భర్త కూడా చూశాడు.

ఆమెకి జాలి వేయాల్సింది. ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదని తెలుసు. కానీ ముందుగా వచ్చింది జాలి కాదు. తనని చూసి కూడా ఒకరు కుళ్ళుకుంటున్నారన్న హాయి, ఎండలో నడిచొచ్చి చల్లటి గచ్చు మీద కాళ్ళు పెట్టినట్టు, పాదాల నుంచి పైకి పాకింది. ఆ హాయికి సిగ్గేసింది కూడా. చిన్నదానితో రేపు మాట్లాడాలి, తప్పకుండా మాట్లాడాలి అనుకుంది.

గిన్నె దగ్గరికి లాక్కుని, చల్లారకముందే ఇంకో గరిటెడు వడ్డించుకుంది.