గోడకు అటూ ఇటూ

కొత్త వీసీ ఒగురి వస్తూనే సాహిత్యం, ఇంజనీరింగ్, నర్సింగ్ విభాగాలను ఒకే గిన్నెలో వేసి కలిపేశాడు. దానికి 'ప్రాంతీయ భవిష్య సహసృజన విభాగం' అని పేరు పెట్టాడు. ఆ పేరును ఒక్క ఊపిరిలో పలికిన ప్రొఫెసర్ ఇంతవరకూ పుట్టలేదు.

ఇకమీదట ప్రతి పాఠమూ ఊళ్ళోనే జరగాలట, ఊరివాళ్లు అందులో నోరు విప్పాలట. విప్పకపోతే ఆ పాఠం రద్దు. పాతకాలపు ప్రేమ పద్యాలు చెప్పే నబెషిమా గుండెల్లో రాయి పడింది. ఆ పాఠం తప్ప ఆయనకు మరో పని చేతకాదు. ఊళ్ళో ఆయనకు తెలిసిన చోటు కూడా ఒక్కటే, సాయంత్రాలు వెళ్లే వేడినీళ్ల స్నానశాల, ఊరివాళ్లు కలిసి ఒకే తొట్టిలో మునిగే చోటు.

"పద్యాలా? చెప్పుకోండి మాస్టారూ. నీళ్లలో సబ్బు మాత్రం కలపకండి," అంది దాని యజమానురాలు తత్సుయో.

నిజానికి చోటు భేషుగ్గా కుదిరింది. మగవాళ్ల వైపుకూ ఆడవాళ్ల వైపుకూ మధ్య గోడ కప్పుదాకా లేదు. పూర్వం ప్రేమికులు తెర చాటునుంచి పద్యాలు విసురుకున్నట్టే, ఇటునుంచి ఒకరు సగం చెబితే అటునుంచి మరొకరు పూర్తి చేయాలి.

తనిఖీకి ఒగురి సూటులో దిగాడు.

"వీసీ గారైనా బట్టలు ఇక్కడే విప్పాలండి," అంది తత్సుయో.

నెత్తిమీద మడత తువ్వాలుతో మెడలోతు నీళ్లలో కూర్చున్నాక ఒగురి కూడా మామూలు మనిషిలాగే కనిపించాడు. ఇంజనీరింగ్ కుర్రాళ్లు సిగ్గుపడుతూ పద్యాలు చదివారు. అటునుంచి నర్సింగ్ అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. ఊరి ముసలాళ్లు మాత్రం కళ్లు మూసుకుని ఉడుకుతున్నారు.

"ఊరివాళ్లెవరూ పలకడం లేదే, మాస్టారూ," అన్నాడు ఒగురి మెల్లగా.

నబెషిమాకు భయమేసింది. తనే గొంతెత్తాడు.

"నీకై ఏడ్చి ఏడ్చి
నా అంగీ చేతులు తడిసె,
నువ్వు రాలేదు..."

గోడ అవతలనుంచి ఒక గొంతు తీరిగ్గా లేచింది.

"తడిసిన ఆ అంగీని
ముప్పై ఏళ్లుగా ఉతుకుతున్నా,
ఎవరికై ఏడ్చారో
ఒక్కనాడూ చెప్పలేదు."

అది ఆయన భార్య ఫుసాయె గొంతు.

ముందుగా నవ్వింది ముసలాళ్లే. ఒగురి నెత్తిమీది తువ్వాలు నీళ్లలో పడిపోయేదాకా నవ్వి, "ఈ పాఠం ఉంటుంది, ఉండి తీరుతుంది," అన్నాడు. నబెషిమాకు అది వినిపించనే లేదు. జవాబు పద్యం వెంటనే చెప్పాలన్నది ఆ కాలపు మర్యాద. ఆ సంగతి ఏటేటా పిల్లలకు నూరిపోసేవాడు ఆయనే. వెయ్యి పద్యాలు కంఠతా వచ్చిన మనిషికి ఇప్పుడు ఒక్క ముక్కా తోచలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఇన్నేళ్లలో ఒక్క పద్యమైనా ఆమెకు వినిపించలేదు మరి.

"ఏమండీ," అంది ఫుసాయె గోడ అవతలనుంచి. "తొందరేం లేదు, వచ్చే పాఠంలో చెప్పండి. నేనూ వస్తాను."