గాలి బస్తా

స్టేషనులో వడ్ల బస్తాలు దించి, రాయమల్లు ఖాళీ బండిని ధాన్యం అమ్మే గంజ్‌లోకి లాక్కొచ్చాడు. ఆ పొద్దున అది అయిదో విడత. బస్తాల ఒరిపిడికి కాయ కాసిన మెడ, ఒక పక్కకు ఒరిగిన భుజం, వేళ్లు ఎడంగా విచ్చుకున్న పాదాలు. నిజాం కాలం నుంచీ పెద్దపల్లిలో ఆయన చేసిన పని ఇదొక్కటే.

గంజ్‌లోనే వడ్లు చెరిగే భార్య కిష్టవ్వ గంజి తెచ్చింది. సగం తాగి, కడుపు నిండిందని ముంతను ఆమె వైపు జరిపాడు. పెళ్లయిన నాటి నుంచీ రోజూ ఇదే అబద్ధం. ఆమె రోజూ నమ్మినట్టే తాగుతుంది.

హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరు పెద్ద రబ్బరు సంచి విప్పాడు. హమాలీ వదిలే ఊపిరిని అందులో పట్టి కొలిస్తే, పనిలో ఎన్ని కేలరీలు ఖర్చవుతాయో అంచనా దొరుకుతుందట. ఆ లెక్కకు తగ్గట్టు హమాలీలందరికీ మధ్యాహ్నం అన్నం పెడతామని వర్తకుల సంఘం ఒప్పుకుంది. నలభై మంది అన్నం ఆ సంచిలో ఉంది.

డాక్టరు పడుచువాణ్ణి రమ్మంటే రాయమల్లు ముందుకొచ్చాడు.

"ముసలోని ఊపిరికి మల్ల గంజే వస్తది," అన్నాడు తోటి హమాలీ అంతయ్య.

"నీ అసొంటోడు బీడీ పొగ నింపుతడు. జర జరుగు."

ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం, వీపున సంచి. రోజూలాగే తొయ్యమన్నాడు డాక్టరు. రాయమల్లు వినలేదు. ఎనిమిది బస్తాల బండిని స్టేషను ఎత్తు మీదికి పాతికేళ్ల వాడిలా తోశాడు. సంచి ఉబ్బింది. మూడు నిమిషాలకు డాక్టరు దాని మూతి బిగించి, వీపు మీంచి దించాడు.

"నిండిందా సారూ?"

నిండిందన్నాడు డాక్టరు. రాయమల్లు బండి చక్రానికి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. కిష్టవ్వ నీళ్లు తెచ్చింది. ఆయన చెయ్యి చాపలేదు. డాక్టరు నాడి పట్టుకుని చాలాసేపు చూసి, చేతిని మెల్లగా ఆయన ఒళ్లోనే పెట్టాడు.

సంచిలో గాలిని మీటరులోకి వదిలితే తప్ప లెక్క తేలదు. డాక్టరుకు చేతులు రాలేదు. కొలతే వద్దన్నాడు.

కిష్టవ్వ సంచి మీద అరచెయ్యి ఆనించింది.

"గిండ్ల ఉన్నది ఆయన ఊపిరే గద సారూ?"

ఔనన్నాడు. ఆమె కాసేపు చెయ్యి తియ్యలేదు.

"వదులుండ్రి. అందరు తినాలె గద."

మీటరు ముల్లు తిరిగింది. డాక్టరు రాసుకున్న అంకె గంజితో తీరేది కాదు. అంతయ్య తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

బండి మీద సంచి చదునుగా పడి ఉంది. దాని పట్టీలకు చెమట ఇంకా ఆరలేదు.